బడిమిద్దె మీద టవర్

నాకు భయాలు ఎక్కువని ఊరంతా అంటారు. కాదనను. నా కూతురు వరమ్మ కడుపులో పడినప్పటి నుంచి నేను భయపడని రోజు లేదు. గొంతులో చింతగింజ ఇరుక్కుంటుందని, గడ్డివాములో పాము ఉంటుందని, వెనక్కి వచ్చే బస్సు చూసుకోదని, ఎవరో ఎవరి మీదో వేసిన బాంబు గురి తప్పి మా వసారాలో పడుతుందని భయమే. మా ఇంటాయన పేతురు ప్రొద్దుటూరులో పత్తి మిల్లులో పని చేసేవాడు. ఆదివారం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే, "ఈ వారం కొత్త భయం ఏంది సరోజా?" అని అడిగేవాడు. ఇన్నింటికి భయపడ్డాను గాని, రూళ్ళ నోటుబుక్కును చూసి ఒక్కనాడూ భయపడలేదు. నా తమ్ముణ్ణి చూసి అసలే భయపడలేదు.

మాది తొండూరు మండలంలో చిన్న ఊరు. రోడ్డు పట్టుకుని ఇటు పోతే పులివెందుల, అటు పోతే ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఊరి పెద్దను పేరు పెట్టి ఎవరూ పిలవరు, కోటింటాయన అంటారు. ఊరి పక్క నీళ్ళు పారే వంక అవతలి ఊళ్ళో గడ్డింటోళ్ళు ఉన్నారు. ఆ రెండిళ్ళ పగ మా తాతల నాటిది. మండలం ఎన్నికల్లో ఒకరు ఒక పార్టీ కండువా వేసుకుంటే రెండోవాళ్ళు రెండో పార్టీ కండువా వేసుకున్నారు. అంతే తేడా. చంపుకోవడం ఆగలేదు.

ఆ సంవత్సరమే మా బడికి జయకర్ సారు వచ్చాడు. పెండ్లిమర్రి అబ్బాయి. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. విమానదళంలో చేరాలని మద్రాసు దాకా పోయి, కన్ను సరిగ్గా లేదని తిరగ్గొడితే పంతులు పరీక్ష రాశాడట. విమానం ఎక్కనివ్వలేదన్న కసి అంతా పిల్లల మీద చదువుగా తీర్చుకున్నాడు.

మొదటి వారమే బడి వసారాలో సుద్దతో పెద్ద విమానం గీశాడు. సీట్లకు నంబర్లు వేశాడు. ఎక్కాలు అప్పజెప్పినవాడికే టికెట్టు. మద్రాసు నుంచి ఢిల్లీకి ఎంత దూరం, గంటకు ఇంత వేగమైతే ఎన్ని గంటలకు దిగుతుంది అని లెక్క. కిటికీ సీటువాడు కింద ఏ నది కనపడుతుందో చెప్పాలి. చెప్పలేకపోతే కిటికీ పోతుంది. బడి అంటే కడుపునొప్పి వచ్చే పిల్లలు కూడా పొద్దున్నే సంచి తగిలించుకుని పరుగెత్తేవాళ్ళు. గొర్రెల తిప్పన్న కొడుకు సబర్మతి ఎక్కడుందో చెప్పాడని తిప్పన్న మూడు రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

ఒకరోజు బడి మీదికెక్కి ఉన్న పిల్లల్ని చూశాను. చీపురు చేత్తో పట్టుకునే పరుగెత్తాను.

"ఏం సారూ, పిల్లోళ్ళకు ఎగిరేది నేర్పిచ్చి మిద్దె మీద నుంచి తోస్తావా?"

"ఎగిరేది కాదక్కా, దిగేది నేర్పిస్తాండా," అన్నాడు సారు నవ్వుతూ. "అది టవర్. విమానం ఎప్పుడు లేచింది, యాడికి పోతాంది, ఎప్పుడు దిగుతాదో రాసిపెట్టేది ఆడనే. పిట్టగోడ నడుం దాకా ఉంది. ఒగసారి ఎక్కి చూడు."

ఎక్కి చూశాను. పిట్టగోడను రెండు చేతులతో ఊపి చూశాను. గట్టిగానే ఉంది. ఒక కర్రకు పాత బనీను చెయ్యి కట్టి గాలి ఎటు పోతుందో చూడటానికి పెట్టారు. దాని కింద మా వరం కూర్చుని ఉంది, పదేళ్ళ పిల్ల, సారు చేతి గడియారం మోచేతి దాకా జారిపోతూ, ఒళ్ళో నోటుబుక్కు. దస్తూరి బాగుందని దాన్ని టవరాఫీసరును చేశారు.

మా రోడ్డు మీద విమానాలు ఎక్కడివి? బస్సే పెద్ద విమానం. ట్రాక్టరు సరుకుల విమానం. కోటింటోళ్ళ జీపు చిన్న విమానం. ఏది పోయినా పిల్లలు పైనుంచి అరిచేవాళ్ళు: "యాడికి? మళ్ళీ ఎప్పుడు దిగుతారు?" వాళ్ళు చెప్పింది వరం నాలుగు గళ్ళలో రాసేది. వారం అయ్యాక సారు వాటితోనే లెక్కలు ఇచ్చేవాడు. పులివెందుల బస్సు సగటున ఎన్ని నిమిషాలు ఆలస్యం? జీపు ఏ రోజు ఎటు పోయింది?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా వైపు బయటికి పోయేవాణ్ణి యాడికని ఎవరూ అడగరు. అడిగినా "ఈడికే" అంటారు. ఎప్పుడొస్తావని అడిగితే అనుమానంగా చూస్తారు. పుట్టిన పిల్లకు కూడా తెలిసిన మర్యాద అది. పెండ్లిమర్రి నుంచి వచ్చిన సారుకు తెలియలేదంటే సరే. నాకు తెలుసు. పిల్లలు అరుస్తుంటే విని నవ్వుకున్నాను. పిల్లలు గదా అనుకున్నాను.

కోటింటాయన జీపు నడిపేది మౌలాలి. మా పక్కిల్లే. వాళ్ళకు పిల్లలు లేరు. భార్య ఖమర్‌బీ బట్టలు కుట్టేది, వరం లంగాలన్నీ ఆమె కుట్టినవే. మౌలాలికి ఆ ఆటంటే ఎక్కడ లేని సంబరం. బడి దగ్గరికి వస్తూనే జీపు నిదానం చేసి రెండుసార్లు హారన్ కొట్టేవాడు.

"ఆఫీసరమ్మా, లేచేదానికి పర్మిషన్ ఇస్తావా?"

"యాడికి?"

"జమ్మలమడుగు."

"మళ్ళీ దిగేది?"

"ఐదు పది. గాలి ఎట్లుంది చూసి చెప్పు తల్లీ."

వరం బనీను చెయ్యి చూసి, "బాగుంది, పోవచ్చు!" అని అరిచేది. అప్పుడు గాని జీపు కదిలేది కాదు. లోపల కోటింటాయన ఉన్న రోజు మౌలాలి హారన్ కొట్టకుండా, కిటికీలోంచి కుడి చెయ్యి బయటపెట్టి, ఐదింటికి దిగుతానన్నట్టు ఐదు వేళ్ళు చూపించి పోయేవాడు. దాన్ని కూడా వరం రాసుకునేది.

గురువారం గురువారం కోటింటాయన జమ్మలమడుగులో కూతురింటికి భోజనానికి పోతాడు. నెల రోజుల లెక్క చేసి, "గురువారం జీపు సగటున ఐదు గంటల పది నిమిషాలకు దిగును" అని వరం కింద గీత కొట్టి మరీ రాసింది. సారు దానికి పదికి పది వేశాడు. ఆ పేజీ నేనే మురిసిపోతూ మా ఇంటాయనకు చూపించాను.

మా తమ్ముడు దేవపాలు సంగతి చెప్పాలి. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు, నాకు పన్నెండు. జమ్మలమడుగు హాస్టల్లో ఏడో తరగతి చదువుతుండగా నాన్న వచ్చి పెట్టె తీసుకుని నన్ను ఇంటికి తెచ్చేశాడు. వాణ్ణి ఎత్తుకున్న చంక మీద ఇప్పటికీ మచ్చ ఉంది, పుండు పడి మానింది. వాడు పెద్దయ్యాక వంక అవతలి ఊళ్ళో గడ్డింటోళ్ళ ట్రాక్టరు నడుపుతున్నాడు. "వాళ్ళ దగ్గర వద్దు నాయనా, యాడైనా కూలికి పో," అని ఎన్నిసార్లు ఏడ్చానో. "ట్రాక్టరుకు పార్టీ ఏందిక్కా, డీజిలు పోస్తే దున్నుతాది," అనేవాడు. వాడి నోరు అట్లా ఉంటుంది, ఏడ్చేవాళ్ళను కూడా నవ్విస్తాడు.

ఒక ఆదివారం, మా ఇంటాయన మిల్లు పని వల్ల రాని వారం, గుడిలో ప్రార్థన విడిచాక వాడు మా ఇంటికి వచ్చాడు. వరానికి ప్రొద్దుటూరు నుంచి రేకు విమానం తెచ్చాడు, కీ ఇస్తే నేల మీద పరుగెత్తేది. అది వాణ్ణి మెడ పట్టుకుని వదల్లేదు.

"మామా, నా టవరు బుక్కు చూస్తావా?"

"చూపిచ్చు తల్లీ. మీ అమ్మ నన్ను పెంచేదానికి సదువు మానేసింది, నువ్వు నన్ను సూసైనా సదువు," అన్నాడు.

సంగటి పెడుతూ వాడి వైపు చూశాను. బైబిలు ఒక పేజీ చదవమంటే ఆవలించే మనిషి, ఆ నోటుబుక్కు పేజీ తర్వాత పేజీ తిప్పుతున్నాడు. వేలు పెట్టి వరుస వెంట చదువుతున్నాడు. ముద్ద చల్లారిపోతున్నా చూసుకోలేదు. నాకు ఎంత సంతోషమైందంటే, వాడికి ఇంకొంచెం నెయ్యి వేశాను.

"అక్కా, ఇది నాకియ్యి. తొండూరులో బడులు చూసే ఆఫీసరు నాకు తెల్సు. పాపకు ప్రైజు వచ్చేటట్టు చేస్తా. శనివారం తెచ్చిస్తా."

"సారును అడగల్లేమో గదరా."

"పాప రాసిందానికి సారును అడిగేదేంది? ప్రైజు వచ్చినాక చెప్పు, సారు కూడా సంతోషపడతాడు."

నేనే దండెం మీది నా పాత పైట చెంగు చించి, మడత పడకుండా నోటుబుక్కును చుట్టి ఇచ్చాను. వరం ఇష్టంగా ఇవ్వలేదు. "మరి రేపు యాడ రాయాల?" అంది. "పలక మీద రాసుకో," అన్నాను.

గురువారం పొద్దున జీపు పోయింది. సాయంత్రం బడి వదిలాక కూడా వరం దిగిరాలేదు. ఐదు దాటింది. పాలు కాచి, ఇదింకా రాలేదేమని బడి దగ్గరికి పోయాను. అప్పుడే ముద్దనూరు వైపు నుంచి ఒక మోత వినపడింది. కొంచెం ఆగి ఇంకోటి. మా వైపు వాళ్ళకు ఆ మోత ఏందో ఎవరూ చెప్పక్కరలేదు. వీధిలో తలుపులు వరుసగా మూసుకున్నాయి. నేను మిద్దెక్కి వరాన్ని చంకన వేసుకోబోతే రాలేదు. పలక నాకు చూపించింది. "జీపు. రావలసినది 5.10. ఇంకా దిగలేదు."

"ఇంక రెండు నిమిషాలు చూద్దాం మా. మౌలాలి మామ ఎప్పుడూ లేటు కాడు," అంది.

ముద్దనూరు దారిలో, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర గడ్డింటోళ్ళు కాచుకున్నారు. కోటింటాయన ఆ రోజు కూతురింట్లో ఆగిపోయి, జీపును ఒట్టిగా పంపించాడు. లోపల మౌలాలి ఒక్కడే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత మౌలాలికి మట్టి ఇచ్చారు. అక్కడి నుంచే కోటింటి మనుషులు నేరుగా బడికి వచ్చారు. ఏడెనిమిది మంది ఉంటారు. ముందు నడిచినవాడు వెంకటేశు, కోటింటాయనకు కుడిచెయ్యి. వాడు అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"జీపు ఎప్పుడు వచ్చేది, ఎప్పుడు పోయేది ఈ బడిలో రాస్తాండారంటనే. ఆ బుక్కు యాడుంది సారూ?"

పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లులమంతా వాకిట్లో నిలబడి ఉన్నాం. జయకర్ సారు ముఖం తెల్లబోయింది. ఎందుకు అడుగుతున్నారో అతనికి అప్పుడు తెలిసింది. అది అతని ముఖంలో కనపడింది. అతని కళ్ళు వరం వైపు పోయి వెంటనే పక్కకు తిరిగాయి. వెంకటేశు ఆ చూపును పట్టుకున్నాడు.

"ఈ పాపేనా రాసేది? ఎవురి బిడ్డమ్మా?"

"నా బిడ్డే," అన్నాను.

"బుక్కు మీ ఇంట్లో ఉందా?"

నా తమ్ముడి పేరు చెబితే, గడ్డింటోళ్ళ ట్రాక్టరు డ్రైవరు అక్క అనే మాట వస్తుంది. ఆ మాట వచ్చాక మా ఇల్లు ఉండదు. నా బిడ్డ భుజం మీద నా చెయ్యి ఉంది.

"లేదప్పా. బుక్కు సారు దగ్గరనే ఉంటాది," అన్నాను.

వరం తల ఎత్తి నన్ను చూసింది.

సారు కూడా చూశాడు. ఆ నోటుబుక్కు రోజూ మా ఇంటికి వస్తుందని అతనికి తెలుసు. నోరు తెరిస్తే ఒక్క మాట. ఆ మాట అనలేదు.

"నా దగ్గరనే ఉన్నిందప్పా," అన్నాడు. "పోయిన వారం పులివెందుల బస్సులో సంచితో సహా పోగొట్టుకున్నా. పాపకేం తెలీదు. రాయమనింది నేను. తప్పు నాది."

కొట్టారు. ఎక్కువ కొట్టలేదని తర్వాత అందరూ అన్నారు. కళ్ళద్దాలు పగిలాయి. వసారాలో గీసిన విమానం మీదే పడ్డాడు. సాయంత్రం బస్సుకు ఊరు విడిచిపెట్టమన్నారు, విడిచిపెట్టాడు. ట్రంకు పెట్టె ఎత్తి బస్సు మీద వేయడానికి ఒక్కరు రాలేదు. నేనూ పోలేదు. కిటికీ రెక్క సందులోంచి చూశాను.

శనివారం వంక దాటి తమ్ముడి దగ్గరికి పోయాను. దారి పొడవునా నాకు నేనే చెప్పుకుంటూ పోయాను: నోటుబుక్కు తొండూరు ఆఫీసులో ఉంటుంది. వాడికి ఏమీ తెలియదు. ఇంకెవరో చెప్పి ఉంటారు. చెడ్డవన్నీ నాకు ముందే తోస్తాయి గదా, ఇదీ అట్లాంటి ఉత్త భయమే.

వాడు ట్రాక్టరు కింద పడుకుని గ్రీజు పెడుతున్నాడు. నన్ను చూసి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, ఏమీ అడగకుండానే సీటు కింది రేకు పెట్టెలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాడు. నా పైట గుడ్డ అట్లనే చుట్టి ఉంది.

"శనివారం ఇస్తానంటి గదా," అన్నాడు.

విప్పి చూశాను. ప్రతి గురువారం వరుస దగ్గర ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు ఉంది. నెల రోజులవి. సారు దిద్దినట్టే ఉంది. సగటు రాసిన చోట, నా బిడ్డ కొట్టిన గీత కింద, ఇంకో ఎర్ర గీత.

"ఎవుర్రా పెట్టింది ఇవి?"

"నాకేం తెల్సుక్కా. తెమ్మన్నారు, తెచ్చిచ్చినా. మళ్ళీ ఇచ్చినారు."

"తెమ్మన్నారా? నా ఇంట్లో ఇట్లాంటిది ఉందని వాళ్ళకెట్ల తెల్సు?"

వాడు గ్రీజు డబ్బా మూత వెతుక్కున్నాడు. మూత వాడి కాళ్ళ దగ్గరే ఉంది.

"ఆఫీసరు? ప్రైజు?"

"గమ్మునుండక్కా. ఎవురన్నా వింటారు."

"నా చేతి ముద్ద తింటా తింటా సదివితివి గదరా. నెయ్యి వేసినా గదరా నేను."

"నువ్వు అన్నీ పెద్దవి చేస్తావు. నీ బిడ్డకేమన్నా అయ్యిందా? నీకేమన్నా అయ్యిందా? మనోళ్ళకు ఎవురికీ ఏం కాల్యా."

"మౌలాలి?"

"అది వాడికి ఏసింది కాదు... అంటే ఆయప్ప ఒగడే వస్తాడని ఎవురనుకున్నారు? ఒట్టి జీపని తెలిస్తే ఎవురూ ఏసేవాళ్ళు కాదు." చిన్నప్పటిలా నా చీర కొంగు పట్టుకున్నాడు. "అక్కా, ఎవురికీ చెప్పొద్దు. నీ తమ్ముణ్ణి."

వాడి వేళ్ళ గ్రీజు కొంగుకు అంటింది. కొంగు లాక్కుని వచ్చేశాను. వెనక నుంచి రెండుసార్లు అక్కా అని పిలిచాడు. వాణ్ణి ఎత్తుకుని తిరిగిన నాటి నుంచి వాడు పిలిస్తే వెనక్కి తిరగకుండా పోయింది ఎన్నడూ లేదు. ఆ రోజు తిరగలేదు.

మరుసటి బుధవారం ఖమర్‌బీ నుంచి కబురు వచ్చింది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది దినాలు గడప దాటదు వాళ్ళలో. అందుకని పాపనే తీసుకుని రమ్మంది. పోకపోతే అనుమానం, పోతే ఏమడుగుతుందో. వరానికి బయల్దేరేముందే చెప్పాను, అడిగిందానికి తెలీదు అను, అంతే అని. అది తల ఊపలేదు.

ఖమర్‌బీ చాప మీద కూర్చుని ఉంది. పక్కన కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వరాన్ని దగ్గరికి పిలిచింది.

"బేటీ, ఆ పొద్దు ఆయన పోయేటప్పుడు నేను ఇంట్లో లేను. బిందె తీసుకుని నీళ్ళకు పోయినా. ఏం చెప్పి పోయినాడో నాకు తెలీదు. నీతో మాట్లాడకుండా పోడు గదా. ఏమన్న్యాడు తల్లీ?"

వరం చేతులు కట్టుకుని నిలబడింది, బడిలో పాఠం ఒప్పజెప్పేటప్పటి మాదిరి.

"ఎనిమిది ఇరవై. ఈ పొద్దు పెద్దాయన ముందే పోయినాడు, నేను ఒగన్నే పోతాండా అన్న్యాడు. యాడికి అంటే జమ్మలమడుగు అన్న్యాడు. మళ్ళీ దిగేది ఐదు పది. గాలి ఎట్లుంది ఆఫీసరమ్మా అన్న్యాడు." అంతవరకు గబగబా చెప్పి, ఆగింది. "బాగుంది, పోవచ్చు అని చెప్పినా అత్తా. నేనే చెప్పినా."

ఖమర్‌బీ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. చాలాసేపటికి గాని ఇద్దరి ఏడుపూ తెమలలేదు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. అప్పుడు ఖమర్‌బీ కళ్ళు తుడుచుకుని, నన్ను కాదు, వరాన్నే అడిగింది.

"ఆ సారు, ఎంత మంచోడనుకుంటిమి. బుక్కు వాళ్ళకు ఇచ్చేదానికి ఆయప్పకు చేతులు ఎట్ల వచ్చినాయి?"

"సారు ఇయ్యలేదు," అంది వరం. "దేవపాలు మామ తీసుకపోయినాడు. మా అమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చింది. సారు అబద్ధం చెప్పినాడు. మా అమ్మ కూడా."

నా భయాలన్నీ కలిపినా ఆ క్షణమంత లేవు. కోటింటి వీధి అక్కడికి నాలుగిళ్ళ అవతల. ఖమర్‌బీ ఒక్క కేక వేస్తే చాలు. ఆమె నా వైపు చూసింది. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. లంగా కొలత తీసేటప్పుడు చూసినట్టు, పై నుంచి కింది దాకా, నన్ను మళ్ళీ కొత్తగా చూసింది.

"నాకు తెలీదు ఖమర్‌బీ. దేవుని సాక్షి, నా తమ్ముడు ప్రైజు ఇప్పిస్తానని..."

"నీకు తెలీదులే," అంది. "సారుకు కూడా తెలీదు గదా. మరి ఆయప్పను ఎందుకు కొట్టనిస్తివి?"



ఆమె వరం తల నిమిరింది. "బేటీ, ఈ మాట ఇంగెవురికీ చెప్పొద్దు. నా మీద ఒట్టు. నువ్వు రాసింది ఆట. ఆట ఆడినందుకు నిన్ను ఎవురూ ఏమీ అనకూడదు." తర్వాత నా వైపు తిరిగి, "నీ బిడ్డ కోసరం నేను నోరు మూసుకుంటా. నీ కోసరం కాదు. సారుకు ఉత్తరం రాయి. నువ్వే రాయి, పాపతో రాపించొద్దు," అని గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చి ముందు పొయ్యి ముట్టించాను. నోటుబుక్కును ఒక్కొక్క పేజీ చించి వేశాను. వరం నిలబడి చూసింది. ఆపలేదు. రేకు విమానం కూడా తనే తెచ్చి పొయ్యిలో పెట్టింది. రేకు కాలదు, నల్లబడింది.

తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాను. ఏడో తరగతిలో విడిచిపెట్టిన పెన్ను. జయకర్ సారుకు నమస్కారములు అని రాసి, క్షేమ సమాచారం అడిగి, కొట్టేశాను. ఇంకో కాగితం మీద ముందుగానే రాశాను: బుక్కు ఇచ్చింది నేను. మీ దగ్గర ఉందని అబద్ధం చెప్పింది నేను. ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడినా ఏమవుతుందో నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. మూడో కాగితం దాకా పోయింది. తమ్ముడి పేరు రాసే చోట మాత్రం చెయ్యి ఆగింది. చివరికి అది కూడా రాశాను.

కవరు అంటించి, పెండ్లిమర్రి అని చిరునామా రాసి వరానికి ఇచ్చాను. లోపల ఏం రాశావని అది అడగలేదు. పిన్‌కోడులో ఒక అంకె తప్పని దాన్ని కొట్టేసి, పైన తన గుండ్రటి అక్షరాల్లో సరైనది వేసింది. డబ్బాలో నేను వేస్తానంటే ఇవ్వలేదు.

"నేనే యేస్తా," అంది. "నువ్వు ఇంగెవురికన్నా ఇస్తావు."